960 ఎఫ్‌పీఎస్‌కీ దొరకని దెబ్బ: మాంటిస్ ష్రింప్ కోసం ఇంట్లో 45 లీటర్ల సముద్రం

ఫోన్ రివ్యూల్లో స్లో మోషన్ టెస్ట్ అంటే ఇన్నాళ్ళూ నేను మూడు పనులే చేసేవాణ్ణి. నీళ్ళ బెలూన్ పగలగొట్టడం, అగ్గిపుల్ల గీయడం, స్నానం చేయించిన కుక్క ఒళ్ళు దులుపుకుంటుంటే తీయడం. 240 ఎఫ్‌పీఎస్‌లో కుక్క అదిరిపోయేలా వస్తుంది. 960లో అయితే నీటి చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఇంట్లో ఇంతకంటే వేగంగా కదిలేది ఇంకేముంటుందిలే అనుకునేవాణ్ణి.

ఇప్పుడుంది. పొడవు ఐదు సెంటీమీటర్లు. మా బెడ్‌రూమ్‌లో గోడ పక్కన, 45 లీటర్ల ఉప్పునీళ్ళలో, ఒక పీవీసీ పైపు ముక్కలో కాపురం ఉంటోంది. చేతిలో గద ఉంది కాబట్టి పేరు భీముడు అని పెట్టాం. దాని దెబ్బని కెమెరాలో పట్టుకోవాలని తొమ్మిది నెలల్లో ఐదు ఫోన్లు వాడాను. ఒక్కటీ పట్టలేదు. ఆ గొడవ అలా ఉంచితే, మధ్యలో ఒక రాత్రి నేను దాన్ని దాదాపు చంపేశాను. చంపుతున్నంతసేపూ నా ఫోన్‌లో యాప్ మాత్రం అన్నీ పచ్చగానే చూపించింది.

అసలు ఎక్కడ మొదలైందంటే

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్తే ట్రాలర్ల పక్కన ఒక కుప్ప కనిపిస్తుంది. కూరకి పనికిరాని చిన్నా చితకా అంతా అందులోనే పడేస్తారు. ఎండబెట్టి దాణాలోకి పంపే సరుకు అది. ఒకసారి ఆ కుప్పలో రొయ్యలా ఉండి రొయ్య కానిదొకటి కనిపించింది. ఒళ్ళు చదునుగా ఉంది, ముందు చేతులు మిడతలా మడిచి పెట్టుకుంది. వంగి తీయబోతే పక్కన చేపలు ఏరుతున్నావిడ అరిచింది: "ఏలెట్టకు బాబూ, కోసేస్తాది!"

అదే మాంటిస్ ష్రింప్. నిజానికి ఇది మాంటిస్ కాదు, రొయ్యా కాదు. స్టొమాటోపోడా అనే వేరే వర్గం. 450కి పైగా జాతులున్నాయి. స్థూలంగా రెండు రకాలు అనుకోవచ్చు. చేతికి ముళ్ళుండి పొడిచేవి ఒక రకం, చేతికి గుండ్రటి గద ఉండి బాదేవి ఇంకో రకం. మన తీరంలో వలల్లో ఎక్కువగా పడేవి పొడిచే రకం. అవి బురద నేలలో లోతుగా బొరియలు తవ్వుకుని బతుకుతాయి. కాబట్టి హార్బర్ నుంచి ఒకటి తెచ్చి గాజు తొట్టిలో వేద్దామనే ఆలోచన మీకొస్తే మానుకోండి. వలలో నలిగి వచ్చినది బతకదు, బతికినా దానికి కావాల్సినంత బురద మీరు పెట్టలేరు. చిన్న తొట్టికి సరిపోయేది గద రకంలోనే, అదీ చిన్న జాతి.

ఇంటర్నెట్‌లో అందరూ చూపించే రంగురంగుల పీకాక్ మాంటిస్ కూడా చిన్న తొట్టికి కాదు. అది 18 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నేను తెచ్చింది గోనోడాక్టిలస్ స్మితీ. పెద్దదైనా తొమ్మిది సెంటీమీటర్లకి అటూ ఇటూ. చేతి లోపలివైపు ఊదారంగు మచ్చ ఉంటుంది, కోపమొస్తే చేతులు చాచి ఆ మచ్చ చూపిస్తుంది. దాన్ని బట్టే గుర్తుపట్టాను.

ఆ దెబ్బలో ఏముంది

2004లో షీలా పాటెక్ బృందం పీకాక్ మాంటిస్ దెబ్బని సెకనుకి 5,000 ఫ్రేముల కెమెరాతో తీసి 'నేచర్' పత్రికలో ప్రచురించింది. గద వేగం సెకనుకి 14 నుంచి 23 మీటర్లు. అంటే గంటకి దాదాపు 50 నుంచి 83 కిలోమీటర్లు, అదీ నీళ్ళలో. మొత్తం దెబ్బ సగటున 2.7 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఏ కండరమూ నేరుగా అంత వేగం ఇవ్వలేదు. అందుకని ఇది విల్లు పద్ధతి వాడుతుంది. చేతిలో గుర్రపు జీను ఆకారంలో ఒక స్ప్రింగ్ ఉంది. కండరం దాన్ని నెమ్మదిగా లాగి బిగిస్తుంది, ఒక గొళ్ళెం పట్టి ఉంచుతుంది. గొళ్ళెం వదలగానే గద దూసుకుపోతుంది.

గద అంత వేగంగా వెళ్ళేసరికి నీళ్ళలో ఆవిరి బుడగలు పుడతాయి. అవి కుప్పకూలినప్పుడు ఇంకో దెబ్బ పడుతుంది. అంటే నత్తకి ఒక దెబ్బ ఖరీదుకి రెండు. 2005లో పాటెక్, రాయ్ కాల్డ్‌వెల్ సెన్సర్ పెట్టి కొలిస్తే 1,500 న్యూటన్ల దాకా వచ్చింది. 150 కిలోల బరువు మీద పడ్డట్టు. రెండు దెబ్బల మధ్య అర మిల్లీసెకను కూడా లేదు. ఇవన్నీ పెద్ద పీకాక్ లెక్కలు, మా భీముడికి అంత లేదు. అయినా వేలు పెట్టకండి. వీటికి ఇంగ్లిష్‌లో ఉన్న ముద్దుపేర్లలో ఒకదానికి అర్థం బొటనవేలు చీల్చేది అని.

ఇప్పుడు మన లెక్క. 240 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య 4.17 మిల్లీసెకన్లు. దెబ్బ 2.7లో ముగిసిపోతుంది. మొదటి ఫ్రేమ్‌లో చెయ్యి మడిచి ఉంటుంది, రెండో ఫ్రేమ్‌లో మళ్ళీ మడిచే ఉంటుంది, నత్త మాత్రం పక్కకి దొర్లి ఉంటుంది. 960 అయితే రెండు మూడు ఫ్రేములు దక్కాలి. కానీ చాలా ఫోన్లలో ఆ 960 అసలుది కాదు. సెన్సర్ తక్కువ ఫ్రేములు తీస్తే మధ్యవి సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. కుక్క విషయంలో ఆ ఊహ సరిపోతుంది. ఇక్కడ మాత్రం గద ఎప్పుడూ లేని చోట గదని గీసి పెట్టింది ఒక ఫోన్. ఆ క్లిప్ చూసి మొదట్లో ఎగిరి గంతేశాను కూడా. ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూస్తే చెయ్యి నత్త గుల్లలోంచి దూరి అవతలికి వచ్చింది!

కళ్ళ గురించి కూడా ఒక మాట. మనిషి కంటిలో మూడు రకాల రంగు గ్రాహకాలుంటే వీటిలో చాలా జాతులకి 12 ఉంటాయి. అందుకే "మనం ఊహించలేని రంగులు చూస్తుంది" అనే పోస్టులు తిరుగుతుంటాయి. 2014లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షిస్తే తేలిందేంటంటే, దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా పట్టడంలో ఇది మనకంటే చాలా వెనక. బాక్స్ మీద మెగాపిక్సెల్స్ చూసి కెమెరా బాగుంటుందనుకోవడం లాంటిదే ఇది కూడా. స్పెక్ షీట్‌కి పడిపోయిన వాళ్ళం మనమొక్కళ్ళమే కాదు.

వీటి కంట్లో నిజంగా అబ్బురమైనది వేరే ఉంది. వృత్తాకారంగా పోలరైజ్ అయిన కాంతిని ఇవి చూడగలవు. దానికి కావాల్సిన క్వార్టర్ వేవ్ ప్లేట్ పని కంట్లోని ఒక కణమే చేస్తుంది. మీ ఓఎల్ఈడీ ఫోన్ తెర మీద ఎండలో మెరుపు కొట్టకుండా ఒక పొర వేస్తారు కదా, అందులో ఉండేది ఈ భాగమే. మన ఫ్యాక్టరీలు తయారు చేసేది కొన్ని రంగులకి బాగా, కొన్నింటికి అంతంతమాత్రంగా పనిచేస్తుంది. దీని కంట్లోది కనిపించే రంగులన్నిటికీ దాదాపు ఒకేలా పనిచేస్తుందని 2009లో లెక్కగట్టారు.

తొట్టి, రాయి, నీళ్ళు

తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. కొత్తదే కొనండి. సెకండ్ హ్యాండ్ తొట్టిలో ఇంతకు ముందున్నాయన చేపలకి రాగి కలిసిన మందు వేసి ఉండొచ్చు. రొయ్యలు, పీతలు, ఈ మాంటిస్ లాంటి వాటికి రాగి విషం. మందు వేసిన తొట్టిని కడిగినా అతుకుల్లో, ఇసుకలో కొంత మిగిలిపోతుంది.

ఖరీదైన రీఫ్ లైటు అక్కర్లేదు. దీనికి మసక వెలుతురే ఇష్టం. మిగిలిన డబ్బు నీళ్ళకి పెట్టండి. అడుగున ఐదు సెంటీమీటర్ల ఇసుక, దాని కింద పలచటి అక్రిలిక్ షీటు. ఇల్లు తవ్వుకుంటూ గాజు అడుగుని బాదితే కాచుకోవడానికి. ఇంటి కోసం ఎలక్ట్రీషియన్ వాడే పీవీసీ పైపు ముక్కలు రెండు. ఒక పైపు చివర గాజుకి ఆనేలా పెట్టి, బయట నుంచి ఎర్ర కాగితం అంటించాను. కాగితం కొద్దిగా ఎత్తితే లోపలున్నది కనిపిస్తుంది.

రాళ్ళ దగ్గర జాగ్రత్త. కొన్ని షాపుల్లో "లైవ్ రాక్" అని చాటుగా అమ్ముతారు. అది పగడపు దిబ్బ నుంచి తీసినది. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే పులికి ఉన్నంత రక్షణ. నేను రంధ్రాలున్న సిరామిక్ రాళ్ళు వాడాను. బ్యాక్టీరియా వాటిలో కూడా హాయిగా కాపురం పెడుతుంది.

ఇంటికి నాలుగు కిలోమీటర్లలో బీచ్ ఉండగా ఉప్పు ప్యాకెట్ కొనడమేంటని అమ్మ ఒకటే గోల. "ఏట్రా ఇది, సముద్రం పక్కన కూచుని ఉప్పు కొంటావా?" ఒడ్డున నీళ్ళలో కాలవలు కలుస్తాయి, డీజిల్ ఉంటుంది, వానాకాలం ఉప్పు శాతం రోజుకో రకంగా ఉంటుంది. అక్వేరియం ఉప్పు లీటరుకి 38 గ్రాముల లెక్కన కలిపితే ఎప్పుడూ ఒకేలా 35 పీపీటీ వస్తుంది. పీపీటీ అంటే వెయ్యి పాళ్ళలో ఎన్ని పాళ్ళు ఉప్పు అని. కొలవడానికి 1,300 పెట్టి రిఫ్రాక్టోమీటర్ తీసుకున్నాను. ఈ మొత్తం సెటప్‌లో అత్యంత విలువైన వస్తువు అదే. దానికి బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు.

ఇంతకీ ఉప్పు కలపాల్సిన మంచినీళ్ళు ఎక్కడివి? ఇంట్లో ఆర్ఓ ఉంది కదా అని రెండు బక్కెట్లు పట్టేశాను. టీడీఎస్ మీటర్ పెడితే 60. బ్రహ్మాండం అనుకున్నాను. ఉప్పు కలపబోతూ ఎందుకో ప్యూరిఫైయర్ వైపు చూస్తే దాని మొహం మీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది, "కాపర్" అని. ఆరోగ్యానికి మంచిదని చివర్లో రాగి కలిపే మోడల్ అది. మనకి మంచిదేమో గానీ దీనికి తిన్నగా విషం. టీడీఎస్ మీటర్ నీళ్ళలో కరిగినవి మొత్తం ఎంతో ఒక అంచనా చెబుతుంది, అందులో ఉన్నది సున్నమా రాగా అన్నది దానికి తెలీదు. మెకానిక్‌ని పిలిచి, మెంబ్రేన్ తర్వాత, ఆ రాగి క్యాట్రిడ్జ్‌కి ముందు ఒక టీ జాయింట్ వేయించాను. మీ ఇంట్లోదీ ఒకసారి చూసుకోండి. ఈ మధ్య అమ్ముతున్న వాటిలో ఈ రకం చాలానే ఉన్నాయి.

నీళ్ళు పోశాక వెంటనే ప్రాణిని వేయకూడదు. ఒక చిన్న రొయ్య ముక్క వేసి కుళ్ళనివ్వాలి. అందులోంచి అమ్మోనియా వస్తుంది, దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలే, మూడోది కొంతవరకు ఫరవాలేదు. చుక్కల టెస్ట్ కిట్‌లో మొదటి రెండూ సున్నాకి వచ్చేదాకా ఆగాలి. నాకు 38 రోజులు పట్టింది. దీనికి ఫాస్ట్ చార్జింగ్ లేదు.

విశాఖ వేడి, రౌటర్ యూపీఎస్

నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో మా గది 33. అక్వేరియం చిల్లర్ ధర చూసి కళ్ళు తిరిగాయి. సరే, పెల్టియర్ మాడ్యూల్‌తో చేద్దామని మొదలుపెట్టాను. 12 వోల్టులు, 6 ఆంపియర్లు, 72 వాట్లు. 45 లీటర్ల నీళ్ళని ఒక్క డిగ్రీ తగ్గించాలంటే 52 వాట్ అవర్ల వేడి లాగెయ్యాలి. మీ 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలు దాదాపు మూడింటిలో ఉండేంత శక్తి. పెల్టియర్ తినే కరెంటులో సగం కూడా చల్లదనంగా మారదు, పైగా గది వేడిని తొట్టి మళ్ళీ పీల్చుకుంటూనే ఉంటుంది. ఆరు గంటలు నడిపితే డిగ్రీ పైన కొంచెం తగ్గింది. గది మాత్రం వేడెక్కింది. ఫ్యాన్ గాలి పెడితే నీళ్ళు ఆవిరై చల్లబడే మాట హైదరాబాద్‌లో అయితే నిజమే, విశాఖ ఉక్కపోతలో ఆ ఆవిరే సరిగ్గా అవదు. చివరికి తొట్టిని ఏసీ ఉన్న బెడ్‌రూమ్‌లోకి మార్చాం. వేసవి రెండు నెలలూ ఏసీ 26లో. కరెంటు బిల్లు సంగతి ఇక్కడ రాయను, అమ్మ చదువుతుంది.

కరెంటు పోతే వేడి కంటే ముందు వచ్చే సమస్య ఆక్సిజన్. పంపు ఆగితే నీళ్ళు కదలవు. ఇక్కడ మాత్రం నాకు నచ్చిన జుగాడ్ ఒకటి కుదిరింది. ఫిల్టర్‌కి 12 వోల్టుల డీసీ పంపు తీసుకున్నాను, దాన్ని వైఫై రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌కి తగిలించాను. 1,200 రూపాయలు. పంపు తినేది ఆరు వాట్లే కాబట్టి నాలుగు గంటలు లాగుతుంది. నాకు తెలిసి రౌటర్ యూపీఎస్‌కి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

మిగతాదంతా ఈఎస్‌పీ32 బోర్డు మీద. డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్, నీటి మట్టం చూసే ఫ్లోట్ స్విచ్, ఆవిరైన నీళ్ళని నింపే చిన్న పెరిస్టాల్టిక్ పంపు. రోజుకి ముప్పావు లీటరు ఆవిరవుతుంది. నీళ్ళే ఆవిరవుతాయి, ఉప్పు ఉండిపోతుంది, కాబట్టి నింపేది మంచినీళ్ళతోనే. మట్టం తగ్గితే ఫ్లోట్ కిందికి దిగుతుంది, పంపు నిమిషానికి 20 మిల్లీలీటర్ల చొప్పున పోస్తుంది, ఫ్లోట్ పైకి లేస్తే ఆగుతుంది. నీళ్ళ కోసం పక్కన 20 లీటర్ల వాటర్ క్యాన్ పెట్టాను, నెలకోసారి నింపితే చాలని. అదే నేను చేసిన పెద్ద తప్పు. అప్పటికి చాలా తెలివైన పని అనిపించింది.

(సెన్సర్ గురించి ఒక హెచ్చరిక. "వాటర్‌ప్రూఫ్, స్టెయిన్‌లెస్ స్టీల్" అని అమ్మే చవక ప్రోబ్ మూడో నెలలో ఉప్పునీళ్ళలో తుప్పు పట్టింది. ఇప్పుడు సన్నటి గాజు గొట్టంలో పెట్టి ముంచుతున్నాను.)

భీముడి రాక

చెన్నై కొళత్తూర్‌లో అలంకార చేపల దుకాణాలు వీధులకి వీధులే ఉంటాయి. మూడు వారాలు ఫోన్లు చేశాక ఒకాయన, ఏదో రాళ్ళలో దాక్కుని వచ్చిందని, తన పీతల్ని చంపేస్తోందని విసుక్కుంటూ ఇచ్చాడు. మూత బిగించిన డబ్బాలో, రాత్రి రైల్లో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. షాపులకి వచ్చేవన్నీ సముద్రంలో పట్టినవే, ఇంట్లో పుట్టి పెరిగినవి కావు. అంటే నా తొట్టిలో అది చచ్చిపోతే సముద్రంలో ఒకటి తగ్గినట్టే. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచున్నప్పుడు ఆ మాట మొదటిసారి గట్టిగా అనిపించింది.

రెండు గంటలు చుక్క చుక్కగా మా నీళ్ళు డబ్బాలోకి పోసి అలవాటు చేసి వదిలాను. పది నిమిషాల్లో పైపులో దూరింది. తెల్లారేసరికి పైపు ముందు గులకరాళ్ళు పేర్చి గుమ్మం కట్టేసింది. దానికి రెండు కళ్ళు, రెండూ వేరు వేరు దిక్కులకి తిరుగుతాయి. మనల్ని చూస్తున్నప్పుడు మాత్రం చూస్తోందని తెలిసిపోతుంది. కుక్క చూసినట్టు కాదు. సెక్యూరిటీ గార్డు చూసినట్టు.

రోజు విడిచి రోజు తిండి. పొడవాటి పట్టకారుతో రొయ్య ముక్క, లేదా ఒడ్డున రాళ్ళకి అంటుకుని ఉండే చిన్న నత్త. నత్త అంటేనే ఇష్టం. తొట్టిలో దీనికి తోడుగా ఏ చేపనీ వేయకండి, తెల్లారేసరికి ఉండదు.

ఆ రాత్రి

మూడో నెలలో భీముడు తిండి మానేసింది. నాలుగు రోజులు. తర్వాత గుమ్మం మొత్తం రాళ్ళతో మూసేసింది. కుబుసం విడిచే ముందు ఇలాగే చేస్తాయి. పాత పెంకు వదిలి కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, గద కూడా పనికిరాదు. నీళ్ళలో ఉప్పు మార్పుకి అది తట్టుకోలేని సమయం ఏదైనా ఉందంటే అదే. సరిగ్గా అప్పుడే ఒక ఫోన్ లాంచ్‌కి నేను హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. యాప్ ఉంది కదా అనుకున్నాను. హోటల్లో పడుకునే ముందు చూశాను. టెంపరేచర్ 26.2, పచ్చ. ఫిల్టర్ ఆన్, పచ్చ. బోర్డు ఆన్‌లైన్, పచ్చ.

పొద్దున్న ఐదింటికి అమ్మ ఫోన్.

"ఒరే, నీ రొయ్య తొట్టి దగ్గర ఏదో గుర్రుమని ఒకటే చప్పుడు, ఆగట్లేదు. నీళ్ళు మూత దాకా వచ్చేసేయి."

"అమ్మా, క్యాన్ పక్కన ఉన్న ప్లగ్ తీసెయ్. ముందు తీసెయ్."

తీసింది. లాగ్ తెరిచి చూశాను. రాత్రి 11:04కి పంపు ఆన్. దాని తర్వాత ఆఫ్ అనే లైనే లేదు. ఆరు గంటలు, ఏడు లీటర్ల పైనే మంచినీళ్ళు. విషయం అంతా లాగ్‌లో ఉంది. పంపు ఇన్ని నిమిషాలు దాటితే నన్ను లేపు అని నేను చెప్పలేదంతే.

వీడియో కాల్‌లో అమ్మ చేత రిఫ్రాక్టోమీటర్ వాడించాను. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత పెట్టి, లైటు వైపు తిప్పి చూడమన్నాను. "పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత ఎక్కడుందో చెప్పు." కాసేపు నిశ్శబ్దం. "ముప్పై దగ్గరుంది."

35 ఉండాల్సింది.

"పోనీ ఉప్పెయ్యనా? వంటింట్లో ఉంది."

"వద్దమ్మా! ఏమీ వెయ్యకు. ముట్టుకోకు."

బస్సులో వస్తున్నంతసేపూ లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఒక్కసారిగా ఉప్పు పెంచితే అది రెండో దెబ్బ. ఇంటికొచ్చి ముందు ఎక్కువైన ఏడు లీటర్లూ తోడేశాను. తర్వాత రోజూ ఆవిరయ్యే ముప్పావు లీటరుకి బదులు మంచినీళ్ళు కాకుండా 35 పీపీటీ ఉప్పునీళ్ళే పోశాను. అలా పోస్తే 45 లీటర్లలో రోజుకి అర పాయింటుకి కొంచెం ఎక్కువ పెరుగుతుంది. ఎనిమిది రోజుల్లో 35కి వచ్చింది. ఎవరికైనా ఇలా జరిగితే ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి, ఏ పరికరమూ అక్కర్లేదు.

ఇంతకీ పంపు ఎందుకు ఆగలేదు? ఫ్లోట్ స్విచ్ తీసి చూస్తే ఫ్లోట్‌కీ కడ్డీకీ మధ్య ఒక నత్త. భీముడికి వేసిన నత్తే. ఆ జాతి నత్తలు నీటి మట్టం దాటి పైకి పాకుతాయి, ఒడ్డున రాళ్ళ మీద చేసేది కూడా అదే కదా. నాలుగు రోజులుగా తిండి ముట్టకపోయేసరికి అది బతికిపోయి, పైకి పాకి, వెళ్ళి వెళ్ళి ఫ్లోట్‌ని పట్టుకుంది. ఫ్లోట్ లేవలేదు. తొట్టి ఎండిపోతోందని బోర్డు నమ్మింది.

ఆరో రోజు గుమ్మం దగ్గర రాళ్ళ సందులోంచి ఒక చెయ్యి బయటికి కనిపించింది. కదలడం లేదు. పట్టకారుతో మెల్లగా లాగితే మొత్తం ఒళ్ళు వచ్చింది, కళ్ళతో సహా. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. నాకు చేతులు చల్లబడ్డాయి. తెల్ల ప్లేటులో పెట్టి టార్చ్ వేస్తే అప్పుడు తెలిసింది, లోపల ఏమీ లేదు. కళ్ళు గాజు బుడగల్లా ఖాళీగా ఉన్నాయి, వీపు దగ్గర చీలిక. కుబుసం. కానీ కుబుసం విడిచిందంటే ఆ పని దాకా బతికి ఉన్నట్టే. ఆ తర్వాత సంగతో? ఎర్ర కాగితం ఎత్తి చూడాలని చెయ్యి లాగేస్తోంది, చూడలేదు. మెత్తగా ఉన్నప్పుడు బెదిరిస్తే ఇంకా ప్రమాదం.

పదకొండో రాత్రి, ఒంటి గంట దాటాక, ఏసీ చప్పుడు మధ్యలో ఒక శబ్దం. టక్. గోలీ మీద గోలీ వేసి కొట్టినట్టు. కాసేపాగి ఇంకోటి. లైటు వేయకుండా అలాగే పడుకుని వింటూ ఉన్నాను. పక్క గదిలోంచి అమ్మ గొంతు: "లేచినాడేట్రా?"

మార్చినవి

క్యాన్ తీసేసి రెండు లీటర్ల బాటిల్ పెట్టాను. ఇప్పుడు ప్రోగ్రామ్ చెడినా, నత్త ఎక్కినా, మొత్తం తొట్టిలోకి పోయినా 35 కాస్తా 33.5 అవుతుంది, అంతకంటే దిగదు. రోజు విడిచి రోజు బాటిల్ నింపుకోవాలి, నింపుతున్నాను. పంపు ఒకసారికి మూడు నిమిషాలు మించి నడవదు, రోజుకి మొత్తం లీటరు దాటదు, దాటితే ఫోన్ మోగుతుంది. ఫ్లోట్ చుట్టూ ప్లాస్టిక్ జాలీ. అన్నిటికీ మించి, ఆదివారం ఆదివారం రిఫ్రాక్టోమీటర్. అది చూసేది అమ్మే, క్యాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కన రాస్తుంది.

మొత్తం ఖర్చు, పెల్టియర్ పిచ్చి కూడా కలిపి, 15 వేల లోపు. అంతకంటే ఎక్కువ మీరు పెట్టాల్సి వచ్చేది సమయం. వారానికి పది రోజులకి ఏడు లీటర్ల నీళ్ళు మార్చాలి, ఊరెళ్తే ఎవరో ఒకరు చూడాలి. ఆ ఎవరో ఒకరు ఇంట్లో లేకపోతే మొదలుపెట్టకండి. హాస్టల్ గదిలో అసలే వద్దు.

ఇక రికార్డింగ్ సంగతి. కెమెరా వల్ల కాకపోతే మైక్ ఉంది కదా అనిపించింది. ఫోన్ మైక్ సెకనుకి 48,000 శాంపిళ్ళు తీస్తుంది. రెండు దెబ్బల మధ్య తేడా 0.4 మిల్లీసెకన్ల చిల్లర అనుకున్నా 19 శాంపిళ్ళ దూరం, తేలిగ్గా దొరకాలి. గాజుకి ఫోన్ ఆనించి తీశాను. వేవ్‌ఫామ్‌లో నిజంగానే ఒక శిఖరం, కొంచెం పక్కన ఇంకోటి! గద ఒకటి, బుడగ ఒకటి అని గుండె కొట్టుకుంది. తర్వాత ఇంకో లెక్క గుర్తొచ్చింది. నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. నా తొట్టి వెడల్పు 30 సెంటీమీటర్లు. అటు గాజుకి తగిలి ఇటు రావడానికి 0.4 మిల్లీసెకన్లు. రెండో శిఖరం బుడగదో గాజు ప్రతిధ్వనిదో చెప్పే దారి లేదు.

నిన్న రివ్యూకి వచ్చిన కొత్త ఫోన్‌లో 1,920 ఎఫ్‌పీఎస్ అని రాసి ఉంది. ట్రైపాడ్ బిగించి, లైటు పెట్టి, ఫోకస్ లాక్ చేసి, పట్టకారుతో నత్తని గుమ్మం ముందు పెట్టాను. రికార్డ్ బటన్ మీద వేలు పడేలోపే టక్ మంది. క్లిప్‌లో ఉన్నది మొత్తం, సగం పగిలిన గుల్ల మెల్లగా ఇసుక మీద దొర్లడం.